అస్తరులో మడత

ఆ ఏడు ఆషాఢంలో మా దుకాణంలో నల్లదారం తొందరగా అయిపోతున్నట్టు నేను కనిపెట్టాను.

అప్పుడు మేం కుడుతున్నవన్నీ పసుపు కుర్తాలు. లష్కర్ బోనాలకు మా కట్టెల గల్లీ యూత్ వాళ్లు ప్రతి ఏడూ ఒకే తానులోంచి కుర్తాలు కుట్టించుకుంటారు. ఊరేగింపులో గల్లీ పిల్లలంతా ఒక్క రంగులో కనబడాలి. అది ఏ రంగో పక్క గల్లీకి ముందు తెలియకూడదు. అందుకని తానును పాత దుప్పటిలో చుట్టి, ఆటోలో ఒళ్లో పెట్టుకొని తెస్తారు. ఆ ఏడు నలభై నాలుగు కుర్తాలు. పసుపు బట్టకు పసుపు దారం పోతుంది. మరి నల్ల రీలు ఎందుకు సన్నబడుతోంది?

రీలును రెండు వేళ్ల మధ్య పట్టి లావు చూసుకున్నాను. మర్నాడు మళ్లీ చూశాను. ఎవరినీ ఏమీ అనలేదు.

మాది బోయిగూడలో ఒక షట్టరు, దాని వెనక ఒక గది. కటింగు, మిషను పని నాది. కాజాలు, హెమ్మింగు, గుండీలు నా భార్య శ్యామలమ్మవి. రెండేళ్లుగా ఆమెకు సూది బెజ్జం కనబడడం లేదు. అప్పటి నుంచి కాలేజీకి పోయి వచ్చాక మా బిడ్డ వసుధ కాజాలు కుడుతోంది. కాజా కొనకు అందరూ అడ్డంగా రెండు పోగులు వేసి ముడేస్తారు. శ్యామలమ్మ మూడు వేస్తుంది. మూడో పోగును మిగతా రెండింటి కిందుగా పోనిచ్చి ముడి లోపల దాస్తుంది. అది వాళ్లమ్మ నేర్పింది, ఆమె వసుధకు నేర్పింది. ఇన్నేళ్లలో ఈ పట్నంలో ఇంకెవరి చేతి కాజా అట్లా ఉండగా నేను చూడలేదు.

ఒక మధ్యాహ్నం వేణుమాధవ్ కొలతలకు ఒక పిల్లవాణ్ణి తీసుకొచ్చాడు. వేణుమాధవ్ యూత్‌కు ప్రెసిడెంటు. బైకు మీద తిండి పార్సిళ్లు చేరవేసే పని చేస్తాడు. కానీ గల్లీలో ఏ ఫ్లెక్సీ కట్టినా నడుమ అతని ఫొటోనే ఉంటుంది. నల్లద్దాలు పెట్టుకొని, ఎవరికో పెద్ద పని చెబుతున్నట్టు ఫోను చెవి దగ్గర పట్టుకొని ఉంటాడు.

"కాకా, ఈడు ఆశీష్. మన డ్యాన్స్ టీం. ఈనికి జెర లూజ్ పెట్టు. భుజం ఇగో, గీడికి రావాలె" అని పిల్లవాడి మోచేతికి జానెడు పైన చూపించాడు.

"భుజం భుజం మీద ఉంటది గద" అన్నాను.

"గట్లయితే అంకుల్ లెక్క కనబడ్తం కాకా" అన్నాడు. అంటూ నా చొక్కా వైపు చూశాడు.

కుట్టు సరిగ్గా భుజం ఎముక మీద కూర్చోవడానికి నాకు మూడేళ్ల పని పట్టింది. ఇప్పుడు అది జారిపోవాలంటున్నారు. సరే, జారిపోతుంది. నేను టేపు తీశాను.

ఆశీష్‌కు పద్దెనిమిది, పంతొమ్మిది ఉంటాయి. చెవుల పైన నున్నగా గీకించి, నడినెత్తిన జుట్టు వదిలి, దాని కొనలకు తేనెరంగు వేయించుకున్నాడు. పాంటుకు ఆరు జేబులు. ఒక్కదాంట్లో కూడా ఏమీ ఉన్నట్టు లేదు. పైన నల్లటి పొట్టి జాకెట్టు. నడుం దాకానే ఉంది. గొడుగు బట్ట అని చేత్తో ముట్టుకోకముందే తెలిసింది. కొలతకు అడ్డం వస్తుందని విప్పమన్నాను. అతను గుండీలు తీస్తుంటే కాజాలు కనబడ్డాయి.

కొనకు మూడు పోగులు. మూడోది కిందుగా పోయింది. ముడి పైకి కనబడలేదు.

"జాకెట్టు మంచిగున్నది. యాడ కుట్టించినవ్?" అన్నాను.

"ఆన్‌లైన్ల తీస్కున్న అంకుల్."

అలా అంటూ వేణుమాధవ్ మొహం చూశాడు. వేణుమాధవ్ ఫోను చూసుకున్నాడు. నేను ఛాతీ చుట్టూ టేపు వేశాను. ముప్పై నాలుగు. టేపు కింద గుండె దబదబ కొట్టుకోవడం నా వేళ్లకు తెలుస్తోంది.

*

అప్పటి నుంచి నేను వసుధను చూడడం మొదలుపెట్టాను.

మూడింటికి రావలసిన పిల్ల ఐదున్నరకు వస్తోంది. ప్రాజెక్టు అంటుంది. కాలేజీ ప్రాజెక్టు చేసే పిల్ల గోళ్లలో సుద్ద ఎందుకుంటుంది? చున్నీ అంచుకు నల్ల పోగు అంటుకొని ఉంది. ఎడమ చూపుడువేలు మీద పాత పోట్ల పక్కన కొత్త పోట్లు ఉన్నాయి. ఫోను మోగితే గదిలోకి పోతుంది. గదికి తలుపు లేదు, పరదా ఉంది. పరదా అవతల మాట చిన్నదవుతుంది.

ఒక రోజు అన్నం దగ్గర, "ఏంది బాపూ, గట్ల చూస్తున్నవ్?" అంది.

"ఏం లే."

"పప్పుల ఉప్పు లేదా?"

"ఉన్నది."

శ్యామలమ్మ గబుక్కున లేచి నీళ్లకు పోయింది. చెంబు నిండా నీళ్లు నా పక్కనే ఉన్నాయి. ఆ రోజు నుంచి శ్యామలమ్మను కూడా చూడవలసి వచ్చింది.

మంగళవారం మూడు గంటలకు, గుండీలు తెస్తానని చెప్పి షట్టరు సగం దించి బయలుదేరాను. వసుధ బస్సు దిగే చోటికి అవతల, చాయి బండి పక్కన నిలబడ్డాను. ఆమె దిగింది. ఇంటి వైపు తిరగలేదు. కర్ర డిపోల మధ్య నుంచి, టేకు పొట్టు గాలిలో లేస్తుంటే చున్నీ మూతికి అడ్డం పెట్టుకొని నడిచి, ఒక డిపో పక్క మెట్లు ఎక్కింది. చాయి సగంలో వదిలేసి వెనకే ఎక్కాను.

మిద్దె మీద నీళ్ల ట్యాంకు ఉంది. దాని వెనక నిలబడితే అంతా కనబడుతుంది. ఆరేడుగురు మగపిల్లలు, ఇద్దరు ఆడపిల్లలు. ఒక ఫోన్లో పాట మోగుతోంది. ఒకడు నెత్తి మీద తిరుగుతున్నాడు, టోపీ అరిగిపోతుందన్న బాధ లేదు. ఇంకొకడు వీడియో తీస్తున్నాడు. మూలన పాత గొడుగులు, ఊచలు ఊడబీకి బట్ట వేరు చేసినవి, కుప్పగా ఉన్నాయి. ఆ కుప్ప పక్కన వసుధ మెడలో టేపుతో నిలబడి ఉంది. ఆశీష్ చేతులు రెండు పక్కలకూ చాపాడు. ఆమె టేపును అతని వీపు వెనక నుంచి తీసుకొని ఛాతీ మీద కలిపి, పెదవులతో అంకె చెప్పుకుంది.

మా దుకాణంలో మగవాళ్ల కొలతలు నేను తీస్తాను. ఆడవాళ్లు వస్తే శ్యామలమ్మ తీస్తుంది. అప్పుడు నేను గోడ వైపు తిరిగి కూర్చొని ఆమె చెప్పిన అంకెలు రాసుకుంటాను. ఇరవై మూడేళ్లలో ఒక్కసారి కూడా అది తప్పలేదు. ఆ పద్ధతి వల్లనే మా దుకాణానికి ఇంటి ఆడవాళ్లను ధైర్యంగా పంపుతారు.

నేను మెట్లు దిగాను. గుండీలు కొనలేదు. దుకాణానికి వచ్చి షట్టరు మొత్తం ఎత్తి, మిషను ముందు కూర్చున్నాను. ఆ సాయంత్రం కుట్టిన రెండు కుర్తాలకు చేతులు తారుమారుగా వేశాను. ఎడమది కుడికి, కుడిది ఎడమకు. విప్పి మళ్లీ వేశాను.

శుక్రవారం గల్లీ మొదట్లో కొత్త ఫ్లెక్సీ లేచింది. 'కట్టెల గల్లీ స్టైల్ డే. ఆదివారం సాయంత్రం నాలుగు గంటలకు. డ్యాన్స్, డ్రెస్, ధూంధాం.' నడుమ మళ్లీ వేణుమాధవే. కుర్తాల పని ఎందాక వచ్చిందో చూడడానికి అతను వచ్చాడు. వచ్చిన పని అయ్యాక కూడా పోలేదు.

"కాకా, మల్కాజ్‌గిరి నుంచి ప్రేమమణి మేడం వస్తుంది. డ్యాన్స్ టీంలకు, టీవీ ప్రోగ్రాంలకు డ్రెస్సులు కుట్టించేది ఆమెనే. మన టీం జాకెట్లు చూస్తనని ఒప్పుకున్నది. నచ్చితే కుట్టినోళ్లను పనిల పెట్టుకుంటదంట."

"జాకెట్లు ఆన్‌లైన్ల తీస్కున్నరు గద" అన్నాను.

వేణుమాధవ్ బైకు తాళం వేలికి తిప్పుకున్నాడు. లోపల పరదా కదిలింది.

"నువ్వు సుత రావాలె కాకా. జరూర్ రావాలె" అని బైకు స్టార్ట్ చేశాడు.

జాకెట్లు ఎవరు కుట్టారో నాకు తెలుసు. అది కాదు నా పరేషాన్. జాకెట్టు పేరు చెప్పుకొని ఇంకేం కుట్టుకుంటున్నారో తెలియదు. ఇరవై ఏళ్ల పిల్ల. ఒక్క కొలత చాలు, ఒక్క మిద్దె చాలు. మా బిడ్డ మా చేతిలోంచి పోతుందేమోనని నా భయం.

*

శనివారం పొద్దున వసుధ కాలేజీకి పోయింది. శ్యామలమ్మ కూరగాయలకు పోయింది. కోసి పెట్టిన పసుపు బట్ట ముక్కలు తీద్దామని అర పైకి చెయ్యి పెడితే, వాటి వెనక ఒక సంచి తగిలింది. అందులో నల్ల జాకెట్టు ఉంది. ఆశీష్ తొడుక్కున్నది కాదు, కొత్తది. వీపు మీద గొడుగు బట్ట ముక్కలను ఊచల లెక్క విచ్చుకునేలా కూర్చింది. ఎనిమిది ముక్కలు. ఎనిమిదీ నడుమ ఒక్క చుక్క దగ్గర కలుస్తున్నాయి. ఒక్క ముక్క కూడా వెంట్రుకవాసి అటూ ఇటూ పోలేదు. నాకు అట్లా కలపడం రాదు. అది ఆ క్షణంలో ఒప్పుకున్నాను. తర్వాత మడత పెడుతుంటే ఎడమ ఛాతీ దగ్గర, పై బట్టకూ లోపలి అస్తరుకూ మధ్య ఏదో కరకరమంది.

ఒత్తి చూశాను. కాగితం లాంటిది. సరిగ్గా గుండె మీద.

బ్లేడు తీసుకున్నాను. అస్తరు కింది అంచు నాలుగు వేళ్లంత విప్పి, రెండు వేళ్లు లోపలికి పోనిచ్చి దాన్ని బయటికి లాగాను.

ఒక కన్ను నన్ను చూసింది.

ఫ్లెక్సీ ముక్క. ఏదో పాత ఫ్లెక్సీలోంచి కోసింది. ఎవరో నాయకుడి ఎడమ కన్ను, సగం కనుబొమ్మ, కొంచెం మీసం. వెనక తెల్లగా ఉంది. తెలుపు మీద ఒక్క అక్షరం కూడా లేదు. తిప్పి చూశాను, వెలుతురుకు పట్టి చూశాను. బుక్రం బదులు ఛాతీ బిగువుగా నిలవడానికి పెట్టింది, అంతే. కుడి వైపు ఒత్తితే అక్కడా కరకరమంది. అక్కడ రెండో కన్ను ఉంటుందనుకున్నాను.

సిగ్గేసింది. కన్నును లోపలికి తోసి, అంచు కుట్టడానికి జాకెట్టు తిరగేశాను. అప్పుడు వీపు అస్తరులో తప్పు కనబడింది. మెడ కింద నుంచి నడుం దాకా, నడిమధ్యలో, వేలెడు బట్ట ఎక్కువై మడత పడి ఉంది. పైనా కిందా కుట్టి, మధ్యలో వదిలేసింది. నేను చొక్కాలు, పాంట్లు, లాల్చీలు కుట్టేవాణ్ణి. కోట్లు ఎప్పుడూ కుట్టలేదు. నా కంటికి అది కొలత తప్పిన పని. ఎక్కువ కోసి, కలపలేక మడిచేసిందనుకున్నాను. రేపు ఆ మేడం చూస్తే నవ్వుతుంది.

దొంగలాగా విప్పాను గదా, ఒక మంచి పనైనా చేద్దామనుకున్నాను. నల్ల రీలు ఎక్కించి, ఆ మడతను మెడ నుంచి నడుం దాకా సన్నటి కుట్టుతో అణిచేశాను. అస్తరు అద్దంలా పరుచుకుంది. తర్వాత కింది అంచు కలిపాను. శ్యామలమ్మ చెప్పుల చప్పుడు వినబడేసరికి సంచి ఎక్కడిదక్కడ పెట్టాను.

*

ఆదివారం మబ్బు పట్టింది కానీ వాన పడలేదు. గల్లీ నడుమ పచ్చటి చాప పరిచారు. రెండు పక్కలా ప్లాస్టిక్ కుర్చీలు. స్పీకరు డబ్బాలు మోగుతుంటే ఇళ్ల రేకులు అదిరాయి. పిల్లలు ఒక్కొక్కరే నడిచి వచ్చి, చాప చివర నిలబడి, కెమెరా లేకున్నా ఉన్నట్టు చూసి వెనక్కి పోయారు. ఒకడు తాత ధోవతిని పాంటు లాగా కట్టుకొని తెల్ల బూట్లు వేసుకున్నాడు. ఒక పిల్ల మగచొక్కా మీద వడ్డాణం పెట్టింది. ముసలమ్మలు ముక్కు మీద వేలేసుకొని, వేలు తీయకుండానే చూస్తున్నారు.

నేను వెనక, కర్రదుంగల పక్కన నిలబడ్డాను. ముందు వరుసలో ప్రేమమణి కూర్చుంది. యాభై ఏళ్ల మనిషి, నేత చీర, మెడలో గొలుసుకు బదులు కళ్లద్దాల తాడు. ఆమె ఎవరి మొహమూ చూడడం లేదు. నడిచి వచ్చేవాళ్ల చంకలు, మోకాళ్లు చూస్తోంది. దర్జీ చూపు.

డ్యాన్స్ టీం వచ్చింది. అందరికీ నల్ల జాకెట్లు. నడుమ ఆశీష్. నిన్నటి జాకెట్టు అతని మీద ఉంది. వీపు తిప్పినప్పుడు గొడుగు విచ్చుకున్నట్టే ఉంది. జనం ఓ అన్నారు. చాప చివర సంచితో నిలబడ్డ వసుధ రెండు చేతులూ గడ్డం కింద పెట్టుకొని చూస్తోంది. చిన్నప్పుడు నేను మిషను తొక్కుతుంటే అట్లాగే చూసేది.

ఆశీష్ రెండు చేతులూ ముందుకు విసిరి, నేల మీద ఆనించి, కాళ్లు పైకి లేపాడు.

చర్రుమంది. డబ్బాల మోతలో కూడా వినబడింది. వీపు వెనక, చంక దగ్గర జాకెట్టు జానెడు తెరుచుకుంది. అతను కాళ్ల మీదికి వచ్చేసరికి కింది అంచు కూడా ఊడి, లోపలి నుంచి ఏదో జారి చాప మీద పడింది. కన్ను. పైకి, ఆకాశం వైపు చూస్తూ.

గల్లీకి గల్లీ నవ్వింది.

"ఏం భయ్, జాకెట్టు సుత డ్యాన్స్ చేస్తున్నదా!" అన్నాడు వేణుమాధవ్ మైకులో. అన్నాక నాలుక కరుచుకున్నాడు.

"కుట్టినోళ్లెవరో గని, పచ్చి పని" అన్నాడు నా పక్కాయన.

ప్రేమమణి లేచింది. "బాబూ, అది ఇటివ్వు" అంది. కోస్తా మాట. జాకెట్టు తిరగేసి ఒళ్లో పరుచుకుంది. "ఎవరమ్మా కుట్టింది?"

వసుధ ముందుకు వచ్చింది. "నేనే మేడం."

"పైపని బాగుంది. ఎనిమిది ముక్కలు ఒక్క చోట కలిపావు, మా దగ్గర అందరికీ రాదది. కానీ వీపు అస్తరులో మడత ఏదమ్మా? చేతులు ముందుకెళ్తే వీపు సాగాలి కదా. డ్యాన్సు చేసేవాడి జాకెట్టుకు ఆ మాత్రం వదులు పెట్టకపోతే ఎలా?"

వసుధ ఆ అస్తరు మీద చెయ్యి పెట్టింది. మెడ నుంచి కిందికి వేలు జరిపింది. సగంలో ఆగింది. గోరుతో ఒక కుట్టు లేపి చూసింది. తర్వాత తలెత్తి జనంలో వెతికింది. కర్రదుంగల దగ్గర నా మీద ఆమె చూపు ఆగింది. కోపం లేదు. ఏడుపు లేదు. కొలత చూసుకున్నట్టు చూసి, తల దించుకుంది.

"మర్చిపోయిన మేడం" అంది.

నేను నలుగురి మధ్య మాట్లాడేవాణ్ణి కాదు. పెళ్లిళ్లలో కూడా గోడకు ఆనుకొని ఉంటాను. ఎట్లా నడిచానో తెలియదు, చాప మీద చెప్పులతోనే నిలబడి ఉన్నాను.

"అది మర్వలేదమ్మా. మడత పెట్టింది. నేనే కుట్టేసిన" అన్నాను.

ప్రేమమణి కళ్లద్దాలు దించింది. "మీరెవరండీ?"

"దీని బాపుని. ఇక్కడనే టైలర్‌ని."

"టైలరై ఉండి మడత ఎందుకు కుట్టేశారు?"

"తప్పనుకున్న."

"అసలు ఎందుకు విప్పారు?"

డబ్బాలు ఎవరో ఆపేశారు. మా దుకాణానికి వచ్చే ప్రతి ఇల్లూ అక్కడ ఉంది.

"లోపల ఏమన్న ఉన్నదేమో చూద్దామని."

"ఏం దొరికింది?"

"కన్ను" అన్నాను.

ఎవడో కిసుక్కుమన్నాడు. ఇంకెవరూ నవ్వలేదు. ఆశీష్ వంగి ఆ ఫ్లెక్సీ ముక్క తీసి, ఏం చేయాలో తెలియక నాకే ఇచ్చాడు. "అంకుల్, ఆన్‌లైన్ అని ఝూట్ చెప్పిన. అక్కనే చెప్పొద్దన్నది" అన్నాడు మెల్లగా. అక్క అన్నాడు. అనడానికేముంది, అందరూ అంటారు, అని అప్పుడు కూడా నా మనసులో ఒక మూల అనుకుంది.

ప్రేమమణి జాకెట్టును వసుధకిచ్చింది. "ఇంకో అరగంట ఉంటాను. విప్పి, నువ్వు పెట్టినట్టే పెట్టు. చూస్తాను."

వసుధ డిపో గడప మీద కూర్చుంది. నేను చొక్కా కాలరు కింద గుచ్చుకున్న సూది తీసి ఇచ్చాను. తీసుకుంది. చంక చిరుగు నేను కలుపుదామని పక్కన కూర్చోబోయాను.

"నువ్వొద్దు బాపూ" అంది.

నిలబడే ఉన్నాను. నా కుట్లు ఒక్కొక్కటే తెంపి, పోగులు ఒళ్లోంచి దులిపేసింది. నేను అంత సన్నగా కుట్టానని అప్పుడు తెలిసింది. చాలాసేపు పట్టింది.

రెండోసారి ఆశీష్ చేతుల మీద నిలబడితే జాకెట్టు వీపు మీద సాగి, మళ్లీ సర్దుకుంది. జనం ఈలలు వేశారు. ప్రేమమణి చప్పట్లు కొట్టలేదు. లేచి పోతూ వసుధ భుజం తట్టి, "బోనాలయ్యాక సోమవారం రా. పొద్దున తొమ్మిదికల్లా" అంది. నా వైపు తిరిగి, "మీరు కూడా వస్తే కోటు పని నేర్పిస్తాను" అంది. ఎగతాళో నిజమో నాకు అర్థం కాలేదు.

*

ఇంట్లో శ్యామలమ్మ ముందే అంది. "నల్లదారం నేనే ఇచ్చిన. గొడుగులు సుత నేనే ఇల్లిల్లు తిరిగి అడుక్కొచ్చిన. ఏమంటవో అను."

నేను మిగిలిన కుర్తా ముక్కలు ముందేసుకున్నాను.

వసుధ మొహం కడుక్కొని వచ్చి కూర్చుంది. "బాపూ, నువ్వు అడుగవు. చూస్తవ్. ఆ ట్యాంకు ఎనక నీ చెప్పులు కనబడ్డయి నాకు."

నా చేతిలో పని ఆగిపోయింది. "కనబడితే పిలువొద్దా?"

"నువ్వు పిలుస్తవేమో అని చూసిన."

"అడిగితే చెప్తుంటివా?"

ఆలోచించింది. అబద్ధం చెప్పే పిల్ల అయితే వెంటనే అవునని ఉండేది. "కొంత చెప్తుంటి" అంది. "మగపోరగాళ్ల కొలతలు తీస్త అంటే తీయనిస్తుంటివా? చెప్పు."

నేను కుర్తా మడత సర్దుకున్నాను. ఆమెకు జవాబు తెలుసు.

మిగిలిన కుర్తాలకు కాజాలు ఆమే కుట్టింది, ఒక్కటి తగ్గకుండా. కానీ నాతో పనికి అవసరమైన మాటలే మాట్లాడింది. దారం, కత్తెర, లైటు. బ్లేడు కావలసి వస్తే వాళ్లమ్మను అడిగింది.

బోనాల రోజు మా గల్లీ పసుపు కుర్తాలతో రోడ్డు మీదికి వచ్చింది. ఎదురుగా పక్క గల్లీ వచ్చింది. వాళ్లవీ పసుపే. అదే పసుపు. డప్పులు ఒక్క నిమిషం తడబడ్డాయి. వేణుమాధవ్ జనాన్ని తోసుకుంటూ నా దగ్గరికి వచ్చాడు. మొహం నిండా చెమట, దాని మీద పసుపు.

"కాకా, నువ్వు గిట్ల ఎవరికన్న చెప్పినవా?"

"నేనా?"

"మరి నీ దుకాణంల తప్ప ఇంకేడ లేకుండె గద తాను."

"చెప్పలే" అన్నాను.

"సరే తియ్" అన్నాడు. కానీ పోతూ పోతూ రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు. ఊరేగింపు అయ్యేదాకా ఆ చూపు నా వీపు మీద ఉంది. చెప్పలేదని ఇంకెట్లా చెప్పాలో నాకు తెలియలేదు. చొక్కా లోపల ఒళ్లంతా బిగుసుకుపోయి, చేతులు లేపితే చినిగేటట్టు ఉంది.

పక్కన వసుధ నిలబడి అంతా విన్నది. కొంచెం దగ్గరికి జరిగి నిలబడింది.

*

సోమవారం పొద్దున నేను షట్టరు ఎత్తలేదు. సికింద్రాబాద్ స్టేషను దాకా వస్తానన్నాను. వసుధ వద్దనలేదు, రమ్మనలేదు. సంచి నా చేతికిచ్చి టికెట్టు లైనులో నిలబడడానికి పోయింది. నేను సిమెంటు బెంచీ మీద కూర్చొని సంచి ఒళ్లో పెట్టుకున్నాను. జిప్పు సగం తీసి ఉంది. టేపు కొన బయటికి వేలాడుతోంది.

లోపల ఫోను మోగింది. వెలుగు కనబడుతోంది. కొంచెం వంగితే చాలు, పేరు చదవవచ్చు. ఏడో తరగతి దాకానే చదివినా ఏ పేరైనా ఆగకుండా చదువుతాను. ఆగి, మళ్లీ మోగింది. రెండోసారి ఎక్కువసేపు మోగింది. నేను ఎదురుగా ఉన్న బోర్డు చూశాను. అందులో రైళ్ల పేర్లు ఎర్రగా జరుగుతున్నాయి. అన్నీ చదివాను. విజయవాడ పోయేది, కాజీపేట పోయేది, నాందేడ్ పోయేది.

వసుధ టికెట్టు తీసుకొని వచ్చింది. ఫోను అప్పుడే ఆగింది.

ఆమె ముందు జిప్పు చూసింది. టేపు కొన ఎక్కడ వేలాడుతోందో చూసింది. తర్వాత నన్ను చూసింది. ఆ చూపు నాకు తెలుసు. అది నా చూపే.

"ఎవరు ఫోను?" అన్నాను.

"నువ్వు చూడలేదా?"

"లే."

ఆమె ఇంకాసేపు నా మొహంలో వెతికింది. తర్వాత ఫోను తీసి చూసుకొని, సంచిలో వేసి, జిప్పు మొత్తం మూసింది.

"సాయంత్రం చెప్త" అంది.

మల్కాజ్‌గిరి పోయే లోకల్ వచ్చింది. ఎక్కింది. తలుపు దగ్గరే నిలబడి, బండి కదిలాక చెయ్యి ఒకసారి ఎత్తి దించింది. నమ్మిందో లేదో నాకు తెలియలేదు.

తిరుగు బండి ఆరు నలభైకి. నేను ఐదున్నరకే వచ్చి ఆ బెంచీ మీద కూర్చున్నాను.